నూట ఇరవై గ్రాముల పంచదార

ఆయన పెద్దకర్మ రోజున భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్నాయన అన్నాడు, "పాపం, చివర్లో బాగా మతిమరుపు వచ్చేసిందటగా." ఎదుటి వరసలో ఇంకొకాయన అందుకున్నాడు. "రాకేం చేస్తుందండీ, వాళ్ళన్నక్కూడా అంతేగా. వంశంలోనే ఉంది." వడ్డించే మనిషి గారె వేసి వెళ్ళాడు. నేను దాన్ని తుంచుతూ కూర్చున్నాను. అది నిజం కాదని చెప్పగలిగినవాణ్ణి ఆ బంతిలో నేనొక్కడినే. చెప్పలేదు. పెరుగన్నం దాకా తిని, చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆయనకు మతిమరుపు లేదు. పోయిన రోజు వరకూ లేదు. దాన్ని ఆయనకు అంటగట్టింది నేను. ఒక ఆదివారం మధ్యాహ్నం, తలుపు మూసిన గదిలో, రెండు అబద్ధాలతో.

ఆయన పేరు రాయడం లేదు. తిరువూరులో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు కూడా తక్కువే. అందరికీ మాస్టారే. ఆయనకది నచ్చేది కాదు. "మాస్టార్ని కాదు బాబూ. అటెండర్ని. కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్ని" అని ప్రతిసారీ, ప్రతి ఒక్కరికీ దిద్ది చెప్పేవారు. పదోసారి పిలిచినవాడికి కూడా అంతే ఓపికగా చెప్పేవారు. జూనియర్ కాలేజీ ల్యాబ్ నుంచి రిటైరయ్యాక కూడా గాజుసామాను కడిగే తీరు మారలేదు. టీ గ్లాసైనా సరే మూడుసార్లు తొలిచేవారు. చివరిసారి నీళ్ళు లోపలి అంచు వెంట తిప్పి పారబోసి, వెలుతురుకు ఎత్తి చూసేవారు. నీళ్ళు పొరలాగా జారిపోతే గ్లాసు శుభ్రంగా ఉన్నట్టు. ఎక్కడైనా చుక్కగా నిలబడితే మళ్ళీ మొదటినుంచీ. వాళ్ళింట్లో టీ తాగాలంటే ముందు ఈ తంతు అయ్యేదాకా ఆగాలి.

నాకు విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. ఒకరోజు ఆయన వచ్చి, మందు పట్టించని బార్లీ గింజలు తెప్పించగలవా అని అడిగారు.

"ఎందుకండీ, పశువులకా?"

"కాదు. మొలకలకి."

"మొలకలెందుకండీ?"

ఆయన అటూ ఇటూ చూసి, బల్ల మీదికి వంగి, "ఈస్టుకి" అన్నారు, అదేదో ఇంట్లో పెంచుకుంటున్న జంతువైనట్టు.

ఆయన ఇంట్లో బీరు కాస్తున్నారని నాకు వెంటనే అర్థమైంది. ఎందుకంటే అంతకు ముందే హైదరాబాదులో ఉండే మా తోడల్లుడు నన్నొక చోటికి తీసుకెళ్ళాడు. బీరు అక్కడే కాచి, అక్కడే పోస్తారు. ఒకటి కాఫీ గింజల వాసన, ఇంకొకటి నారింజ తొక్క వాసన. తిరిగొచ్చాక మా బస్టాండు దగ్గర దొరికే బీరు చేదునీళ్ళలాగా అనిపించసాగింది. ఈ సంగతి ఊళ్ళో ఎవరికి చెప్పినా నవ్వేవారు. కిక్కు ఎంత ఉందన్నదే ఇక్కడ లెక్క. వాసన గురించి మాట్లాడే మనిషి నాకు ఆయనొక్కరే దొరికారు. ఆయనకు నేనొక్కణ్ణే.

ఇంట్లో లైసెన్సు లేకుండా బీరు కాచడం నేరమని ఇద్దరికీ తెలుసు. మేం అమ్మలేదు. మా ఇద్దరికి కాక, ఒకే ఒక్కసారి మా తోడల్లుడికి తప్ప ఎవరికీ పోయలేదు. అయినా తలుపు మూసుకునే చేసేవాళ్ళం. ఆయన ఇంటి వెనక ఒక గది ఉండేది. ఒకప్పుడు వడ్లు పోసుకున్న గది. కిటికీ లేదు, ఒకటే తలుపు. ఒక మూల ఇంటివాళ్ళ ఉల్లిపాయల బుట్ట, మిగతాదంతా ఆయనది. అందులో పాత ఫ్రిజ్ ఒకటి పెట్టి, మేం కోరిన చల్లదనం దగ్గర ఆగేలా మార్చి ఇచ్చినవాడు ఖాజా. ఫ్రిజ్‌ల మెకానిక్కు. చుక్క ముట్టడు. అయినా ప్రతి ఆదివారం నాలుగింటికి సోడా, వేయించిన వేరుశెనక్కాయలు తెచ్చుకుని వచ్చి కూర్చునేవాడు.

"ఇంత కష్టపడి మీరు తాగేది ఈ కాస్తేనా మాస్టారూ?" అనేవాడు, ఆయన చేతిలో చిన్న బీకరు చూసి. "ఈ కష్టానికి మా వాళ్ళయితే పెళ్ళి చేసేస్తారు."

"మాస్టార్ని కాదు."

"సరే, అటెండర్ గారూ. పొయ్యండి, మా అన్న నోట్లో నీళ్ళూరుతున్నాయి."

ఆ అన్న నేనే. ఆయన మాత్రం తొందరపడేవారు కాదు. బీరు పోసి నురగ సర్దుకునేదాకా ఆగేవారు. గ్లాసులో ముక్కు పెట్టనిచ్చేవారు కాదు. ల్యాబ్‌లో పిల్లలకు ఆమ్లం వాసన చూడటం నేర్పినట్టే, బీకరును దూరంగా పట్టుకుని, రెండో చేత్తో గాలిని తనవైపు విసురుకునేవారు. కళ్ళు మూసుకుని, మెల్లగా, మూడుసార్లు. ఇప్పుడు ఆయన్ని తలుచుకుంటే ముందుగా నాకు కనిపించేది ఆ చెయ్యే. ఎవరినో లోపలికి రమ్మని పిలుస్తున్నట్టుగా ఉండేది.

"రీడింగు చెప్పు" అనేవారు నాతో.

"బాగుందండి."

"బాగుంది అనేది రీడింగు కాదు. ఇంకోసారి చూడు."

ఆయన చెప్పేవి నిజంగా రీడింగులే. తడిసిన వేరుశెనగ తొక్క. అప్పుడే పగలగొట్టిన కొబ్బరిచిప్ప. కోసిన వెంటనే కారే మామిడి సొన. కాల్చిన మొక్కజొన్న కంకి, ఉప్పు రాయకముందు. ఇవన్నీ పొడుగాటి రికార్డు పుస్తకంలో నల్ల సిరాతో రాసేవారు. తాటిబెల్లంతో నల్లటి బీరు ఒకటి కాచి, పన్నెండు సీసాలు ఇసుక తొట్టిలో పాతిపెట్టారు. ఇసుకను పొద్దునా సాయంత్రం తడిపేవారు. ఆరు నెలలకొకటి తీసేవాళ్ళం. మొదట్లో మాడిన బెల్లం వాసన వచ్చింది. ఏడాదికి ఖర్జూరం. ఆ తర్వాత దీపావళికి తీసినప్పుడు, చాలాకాలం తెరవని బీరువా తలుపు తీసినట్టు ఉంది. నేను మధ్యలో ఇంకొకటి తీద్దామంటే చెయ్యి అడ్డం పెట్టేవారు. "కదపకు. వాడింకా మాట్లాడటం నేర్చుకుంటున్నాడు."

రికార్డు విషయంలో ఆయనకొక పట్టుదల ఉండేది. తప్పు రాస్తే చెరపకూడదు. తెల్లరంగు పూయకూడదు. దాని మీద ఒక్క గీత, అదీ కింద రాసింది చదవడానికి వీలుగా. పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. "తప్పు కనబడుతూ ఉండాలి. లేకపోతే సరైనదాన్ని ఎవడు నమ్ముతాడు?" అనేవారు. రెండో అలవాటు ఏంటంటే, ఏ పని చేసినా పైకి చెప్పేవారు. పక్కనున్నవాడు ఆ మాట తిరిగి చెప్పి, పుస్తకంలో టిక్కు పెట్టాలి.

"పంచదార నూట ఇరవై."

"నూట ఇరవై." టిక్కు.

ఈ పంచదార గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అంతా దానివల్లే జరిగింది. పులిసి తేరుకున్న బీరులో పొంగు ఉండదు. సీసాల్లో పోసేముందు కొద్దిగా పంచదార కాచి కలిపితే, మూత బిగించాక లోపల మిగిలిన ఈస్టు దాన్ని తిని గ్యాస్ వదులుతుంది. ఆ గ్యాసే నురగ. ఇరవై లీటర్లకు నూట ఇరవై గ్రాములు. అంతకన్నా తక్కువైతే చప్పగా ఉంటుంది. ఎక్కువైతే ఆ గ్యాసును సీసా తట్టుకోలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. గంపలగూడెంలో ఆయన అన్నగారు చివరి మూడేళ్ళు ఎవరినీ గుర్తుపట్టకుండా బతికి పోయారు. ఈయన వారానికి రెండుసార్లు షేర్ ఆటోలో వెళ్ళి ఆయనకు అన్నం కలిపి పెట్టి వచ్చేవారు. ఒకసారి అలా వచ్చి, బీకరు ముట్టకుండా కూర్చుని, "ఇవాళ మా అన్నయ్య వాళ్ళావిణ్ణి చూసి నర్సు అనుకుని, నర్సమ్మా అని పిలిచాడు. ఆవిడ పలికింది" అన్నారు. మళ్ళీ ఆయనే, "నాకు కాళ్ళు పోయినా ఫర్వాలేదు బాబూ. ఇది మాత్రం రాకూడదు" అన్నారు. ఆయన నాకు చెప్పుకున్న ఒకే ఒక భయం అది. నేను వాడుకున్నది దాన్నే.

ఆ ఏడు మామిడికాయల సీజనులో మా తోడల్లుడు వచ్చాడు. ఆయన్ని బతిమాలి ఒక సీసా తెచ్చి ఇంట్లో పోశాను. వాడు గ్లాసు అటూ ఇటూ తిప్పి, మా ఆవిడ ముందే, "ఏంటి బ్రదర్, నురగేది? చల్లారిన కషాయంలాగా ఉంది" అని నవ్వాడు. మళ్ళీ రెండు వారాల్లో వస్తానన్నాడు. "అప్పటికైనా కాస్త పొంగించండి."

ఆ మాట నా చెవుల్లో ఉండిపోయింది. తర్వాతి ఆదివారం సీసాలు నింపుతున్నాం. ఆయన పంచదార తూచి, కాచి, బకెట్లో పోశారు. పైకి చెప్పారు, నేను టిక్కు పెట్టాను. ఉడకబెట్టిన మూతలు తేవడానికి ఆయన వంటింట్లోకి వెళ్ళారు. అవి చల్లారి, తుడుచుకుని వచ్చేసరికి పది నిమిషాలైనా పడుతుంది. పంచదార ప్యాకెట్టు, త్రాసు నా ముందే ఉన్నాయి. నేను ఇంకో నూట ఇరవై గ్రాములు తూచాను. వేడినీళ్ళలో కరిగించి బకెట్లో పోశాను. నీళ్ళలాంటిదే కాబట్టి ఏమీ కనబడలేదు. టిక్కు పెట్టలేదు. ఆయన మూతల గిన్నె పట్టుకుని వచ్చారు. ముప్ఫై సీసాలకు ఇద్దరం కలిసి మూతలు బిగించాం. సీసా తట్టుకోదని ఆయన చెప్పింది నాకు గుర్తుంది. అది ఆయన చాదస్తం అనుకున్నాను.

వారం గడిచింది. రోళ్ళు పగిలే ఎండలు. ఆదివారం నాలుగింటికి నేనూ ఖాజా వెళ్ళి వరండాలో కూర్చున్నాం. ఆయన గ్లాసులు తొలుస్తున్నారు. ఆయన కొడుకు విస్సన్నపేటలో ఏదో పెళ్ళికి వెళ్ళాడు. కోడలు పకోడీలు వేస్తానని ఉల్లిపాయల కోసం వెనక గదిలోకి వెళ్ళింది.

తుపాకీ పేలినట్టు పేలింది. వెంటనే ఇంకొకటి, మరో రెండు.

ఆ అమ్మాయి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అరవలేదు. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా చర్మం తెరుచుకుని ఉంది. ఖాజా తువ్వాలు చుట్టి, హెల్మెట్ అక్కడే పడేసి, బండి మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, "సోడా సీసా అని చెప్తా" అన్నాడు. పక్కింటాయన గోడ మీద నుంచి తొంగి చూస్తే, ఇన్వర్టరు బ్యాటరీ అని నేను చెప్పాను. ఎవరినీ సాయానికి పిలవలేని వ్యవహారం మాది.

ఆయన గొంతు మామూలుగానే ఉంది. "ఇరవై ఆరు ఉన్నాయింకా. అమ్మాయి తిరిగొచ్చేసరికి ఈ ఇంట్లో ఒక్క మూత బిగించి ఉండకూడదు." ఖాజా హెల్మెట్ పెట్టుకున్నారు. రెండు చేతులకూ తడిపిన గోనెపట్టా చుట్టుకున్నారు. నాకు గొడుగు ఇచ్చి మొహానికి అడ్డం పట్టుకోమన్నారు. పెంకులు పెరట్లోకి ఎగరకుండా తలుపు మూయించారు. కిటికీ లేని గది, ఒక బల్బు, పులిసిన వాసన, కాళ్ళ కింద గాజు. ఒక్కొక్క సీసా మీద గోనె కప్పి మూత లేపుతుంటే నురగ దూలాన్ని తాకి మా మీద పడుతోంది. ఆయన లెక్క చెబుతున్నారు. "ఒకటి." నేను తిరిగి చెబుతున్నాను. "ఒకటి."

పదిహేను అయ్యాక ఆగారు. హెల్మెట్ అద్దం పైకెత్తి, వేలికంటిన నురగ నాకి చూశారు. అప్పుడు అలమారలో ఉన్న పంచదార ప్యాకెట్టు మీద ఆయన కళ్ళు పడ్డాయి. ఆ రోజు నా ముందే చించిన కిలో ప్యాకెట్టు. ఆయన వంటింటి పంచదార వాడరు, బీరు పంచదార వంటింటికి ఇవ్వరు. గోనె విప్పి, దాన్ని త్రాసులో పెట్టారు. ఏడు వందల అరవై.

"ఎనిమిది వందల ఎనభై ఉండాలి" అన్నారు. ప్యాకెట్టు దించి, "రెండుసార్లు పడింది" అన్నారు. నావైపు తిరిగి, కోపం లేకుండా, రీడింగు అడిగినట్టే అడిగారు. "నువ్వు వేశావా బాబూ?"

నా వెనక తలుపు మూసి ఉంది. ముందు పదకొండు సీసాలు. గుమ్మం మీద ఆ అమ్మాయి నెత్తురు ఇంకా తడిగానే ఉంది. నేను వేశానంటే ఆ నెత్తురు పాపం నాది.

"లేదండి. మీరే వేసుంటారు."

"నేను ఒక్కసారే కదా వేసింది. టిక్కు ఒకటే ఉంది."

"నేను బయటికెళ్ళినప్పుడు మళ్ళీ వేసి ఉంటారండి."

"నువ్వెప్పుడు వెళ్ళావు? మూతలు తేవడానికి వెళ్ళింది నేను కదా."

ఇక్కడ ఆగి ఉండొచ్చు. ఆగలేదు.

"కాదు మాస్టారూ. మూతలు తెచ్చింది నేను. మీకు గుర్తులేదా?"

మాస్టార్ని కాదని ఆయన దిద్దలేదు. నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. ఆ చూపు నన్ను అనుమానించడం లేదు. తన లోపలికి వెళ్ళి, ఆ ఆదివారం వంటింట్లో మూతల గిన్నె పట్టుకున్న తన చేతుల్ని వెతుకుతోంది. దొరికాయో లేదో తెలియదు. హెల్మెట్ అద్దం దించుకుని, "పదహారు" అన్నారు.

"పదహారు" అన్నాను.

ఇరవై ఆరూ అయ్యాక, తడిసిన బట్టలతోనే రికార్డు తీసి, ఎర్ర సిరా పెన్నుతో ఒక వాక్యం రాశారు. "పంచదార రెండుసార్లు వేశాను. గుర్తులేదు." కింద సంతకం. సాయంత్రం కొడుకు వచ్చాక ఆయనే చెప్పారు. "నాకు మొదలైందిరా. అన్నయ్యది నాకూ వచ్చింది." ఆ అమ్మాయి చేతికి కట్టుతో పక్కనే నిలబడి ఉంది. నేనూ ఉన్నాను.

విజయవాడలో డాక్టరుకు చూపించారు. తేదీ అడిగితే ఆయన చెప్పారట. చెప్పి, మళ్ళీ ఆలోచించి, "అవునేమో, ఒకసారి క్యాలెండరు చూస్తాను" అన్నారట. తన మీద తనకు నమ్మకం పోయిన మనిషి చెప్పే జవాబు మరిచిపోయినవాడి జవాబులాగే ఉంటుంది. డాక్టరు కాస్త కనిపెట్టుకుని ఉండమన్నారు. కొడుకుది విజయవాడలో ఉద్యోగం, పొద్దున బస్సుకు వెళ్ళి రాత్రి వస్తాడు. కోడలు ఊళ్ళోనే ఒక స్కూల్లో టీచరు. ఆమె వెళ్ళేముందు గ్యాస్ రెగ్యులేటరు తీసి దాచి, గేటుకి బయటినుంచి తాళం వేసేది. ఆమె తప్పని ఎవరంటారు? ఆమె చేతి మీద పదకొండు కుట్లున్నాయి.

ఖాజా మాత్రం నమ్మలేదు. నా దుకాణానికి వచ్చి, బల్ల మీద చెయ్యి ఆనించి అడిగాడు. "ఆయన పంచదార రెండుసార్లు వేశాడా? గ్లాసు మూడుసార్లు తొలిచాడో లేదో నాలుగోసారి నన్నడిగే మనిషాయన. నువ్వు చెప్పన్నా, ఏం జరిగింది?"

"వయసు ఖాజా. మనకూ వస్తుంది."

వాడు బల్ల మీది చెయ్యి తీసేశాడు. "సరే అన్నా" అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఫ్రిజ్ పాడైతే వేరే కుర్రాణ్ణి పంపించాడు.

నాలుగేళ్ళు ఆయన ఆ గేటు వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రోడ్డున పోయేవాళ్ళని పిలిచి, "ఇవాళ ఏ వారం బాబూ?" అని అడిగేవారు. వాళ్ళు చెప్పి, జాలిపడి వెళ్ళేవాళ్ళు. ఆయన తెలియక అడగలేదు. తనకు తెలిసింది సరైనదో కాదో సరిచూసుకోవడానికి అడిగేవారు. నేను దుకాణానికి ఆ వీధినుంచి వెళ్ళడం మానేసి, చుట్టుతిరిగి వెళ్ళేవాణ్ణి. రోజూ ఆ మలుపు దగ్గర ఆ సంగతి గుర్తొచ్చేది. చెప్పకపోవడం మొదటివారం కష్టమైంది. తర్వాత ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పుకోవాల్సి వచ్చేది కాబట్టి, రోజురోజుకీ ఇంకా కష్టమైంది.

రెండేళ్ళ కిందట ఒకసారి చెప్పేద్దామనే వెళ్ళాను. వాన వెలిసిన మధ్యాహ్నం. గేటుకి తాళం ఉంది. నన్ను చూడగానే లేచి వచ్చి ఊచలు పట్టుకున్నారు.

"మాస్టారూ, మీతో ఒక మాట..."

"ముందు నన్ను చెప్పనీ. మళ్ళీ మర్చిపోతాను" అని నవ్వారు. "ఆ రోజు గదిలో నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. గ్యాస్ వదిలేసి ఆ పిల్లని ఏదో ఒకరోజు చంపేసేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు నన్ను బాధపెట్టకూడదని అన్నీ దాస్తారు. మొహం మీద నిజం చెప్పింది నువ్వొక్కడివే బాబూ."

చెప్పాలని వచ్చిన మాట మింగేశాను. ఆయన లోపలికెళ్ళి తడి ఇసుక అంటిన సీసా ఒకటి తెచ్చి, ఊచల సందులోంచి నాకిచ్చారు. తాటిబెల్లం బీరులో చివరిది. కొడుకు అన్నీ పారేసినప్పుడు ఇసుకలో అడుగున ఉండిపోయిందట.

"నీ దగ్గర పెట్టు. నా దగ్గరుంటే తెరిచానో లేదో నాకు తెలీదు."

తీసుకున్నాను. దుకాణంలో విత్తనాల సంచుల వెనక పెట్టాను. తెరవలేదు, పారేయలేదు.

మొన్న చలి తగ్గుతున్న రోజుల్లో, ఆ అమ్మాయి స్కూలు నుంచి వచ్చి తాళం తీసేసరికి ఆయన కుర్చీలోనే ఉన్నారు. గుండె అన్నారు.

పెద్దకర్మ అయిన తర్వాతి ఆదివారం నాలుగింటికి ఆ సీసా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కోడలు ఒక్కతే ఉంది, ఆమె భర్త బజారుకెళ్ళాడు. వరండాలో నిలబడే అంతా చెప్పాను. పంచదార, మూతలు, రెండు అబద్ధాలు, గేటు దగ్గర మింగేసిన మాట. ఆమె అంతా విని లోపలికెళ్ళి, రికార్డు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. "పారేయాలో ఉంచాలో తెలీక ఉంచాను అన్నయ్యగారూ. తెరిచి చూళ్ళేదు."

నేను తెరిచాను. ఎర్ర సిరా వాక్యం ఉన్న పేజీ వచ్చింది. దాని తర్వాత పేజీలు ఖాళీగా ఉంటాయనుకున్నాను. లేవు. నాలుగేళ్ళ రోజులన్నీ ఉన్నాయి. "గురువారం. ఫ్యాను కట్టేశాను." నల్ల టిక్కు. "మందు వేసుకున్నాను." టిక్కు. "పాలపొడి డబ్బా మూత పెట్టాను." టిక్కు. ప్రతి పనీ చేసి, రాసి, మళ్ళీ వెళ్ళి చూసి టిక్కు పెట్టుకున్నారు. పేజీలకు పేజీలు నల్ల టిక్కులు. ఎక్కడా ఒక్కటి తప్పలేదు. కానీ ప్రతిరోజూ చివర్న ఒక ఎర్ర వాక్యం ఉంది. "కళ్ళజోడు దేవుడి గదిలో పెట్టి మర్చిపోయానట. గుర్తులేదు." "అన్నం తిని మళ్ళీ అడిగానట. గుర్తులేదు."

ఆమె నా భుజం మీద నుంచి చదువుతోంది.

"సాయంత్రం తాళం తీసేటప్పుడు రోజూ అడిగేవారు. 'అమ్మాయ్, ఇవాళ ఏం మర్చిపోయాను?' అని. ఏం లేదు మావయ్యగారూ అంటే ఊరుకునేవారు కాదు. దాస్తున్నావు, చెప్పమ్మా అని వెంటపడేవారు. ఏదో ఒకటి చెప్తే గానీ అన్నం తినేవారు కాదు." ఆమె వేలు ఎర్ర వాక్యం మీద ఉంది. "అందుకని కల్పించి చెప్పేదాన్ని. చిన్నచిన్నవి. కళ్ళజోడని, తువ్వాలని... ఊరికే. ఆయన మనసు కుదుటపడాలని."

నల్లవన్నీ ఆయనకు తెలిసినవి. ఎర్రవన్నీ మేమిద్దరం చెప్పినవి. ఆయన మా ఎర్రవే నమ్మారు.

నేను జేబులోంచి పెన్ను తీశాను. మొదటి ఎర్ర వాక్యం ఉన్న పేజీకి తిప్పాను. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెడదామని. ఆయన నేర్పిన పద్ధతే. పెన్ను కాగితానికి తగిలేలోపు ఆమె చెయ్యి ఆ పేజీ మీద వాలింది. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా తెల్లటి మచ్చ.

"వద్దండి. ఇది ఆయన పుస్తకం. మీది మీరు వేరే కాగితం మీద రాసుకోండి."

సీసా బల్ల మీద ఉంది. దాన్ని నావైపు జరిపింది. "అది కూడా తీసుకెళ్ళండి."

గేటు దాకా వెనకే వచ్చింది. నేను రోడ్డు మీదికి దిగాను. నా వెనక తాళం పడిన చప్పుడైంది. తిరిగి చూశాను. ఆమె రోజూ నిలబడే చోటే, గేటు బయట నిలబడి ఉంది. తాళం వేసేసింది. తాళంచెవి చేతిలో ఉంది. లోపల ఖాళీ కుర్చీ వంక చూస్తోంది.